క్లబ్ హాకీ జట్టు మేనేజరైన మేనల్లుడికి

చి. మేనల్లుడికి,

మామయ్య దీవించి రాసేది. వచ్చే సీజన్‌కి మీ యూనివర్సిటీ ఐస్ హాకీ జట్టుకి నిన్ను మేనేజర్‌గా పెట్టారని మీ అమ్మ చెప్పింది. సంతోషం. ఆట సంగతి కోచ్ చూసుకుంటాడు. నువ్వు చూడాల్సినవి ఐసు, డబ్బు, కాగితాలు. ఈ మూడూ ఎండాకాలం సెలవుల్లోపు ఒక దారికి రాకపోతే సెప్టెంబర్‌లో ఎంత పరిగెత్తినా లాభం లేదు.

ముందు ఒకటి గుర్తుపెట్టుకో. మీది ఎన్‌సీఏఏ (యూనివర్సిటీలే నడిపే జట్ల సంస్థ) జట్టు కాదు, విద్యార్థులు చందాలేసుకుని నడుపుకునే క్లబ్. ఇలాంటి జట్ల కోసమే 1991లో ఏసీహెచ్‌ఏ (అమెరికన్ కాలేజియేట్ హాకీ అసోసియేషన్) పుట్టింది. ప్రాంతీయ లీగ్‌లు చాలావరకు దాని గొడుగు కింద నడుస్తాయి, కొన్ని ఏఏయూ (అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్) కింద ఉన్నాయి. మీ లీగ్ ఏ గొడుగు కింద ఉందో, ఇన్సూరెన్స్ ఎవరి ద్వారా వస్తుందో, ఆటగాళ్లు ఎక్కడ రిజిస్టర్ కావాలో మొదటి రోజే కనుక్కో. పాత సీజన్ కాగితాలు చూసి నింపకు, రూల్ పుస్తకం ఏటా మారుతుంది.

ఇక ఐసు. డల్లాస్‌కి 1993లో మిన్నెసోటా నుంచి స్టార్స్ అనే ప్రొఫెషనల్ హాకీ జట్టు వచ్చాక, పక్కనున్న ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ వైపు రింకులు (ఐసు మైదానాలు) బాగానే వెలిశాయి. వాటితోపాటు స్కేటింగ్ నేర్చుకునే పిల్లలూ పెరిగారు. సాయంత్రం 5 నుంచి 9 దాకా పిల్లల జట్లకీ, ఫిగర్ స్కేటింగ్‌కీ రాసిచ్చేస్తారు. కాలేజీ వాళ్లకి మిగిలేది రాత్రి 9:45, 10:15. ఈ రోజుల్లో కల్యాణమండపం ఖాళీని బట్టి ముహూర్తం పెట్టుకుంటున్నారు చూడు, ఇదీ అంతే. ముందు రింకు ఇచ్చే తేదీలు చేతికి రావాలి, ఆ తర్వాతే లీగ్ షెడ్యూల్ మాట. ఏప్రిల్, మే నెలల్లోనే రింకు మేనేజర్‌ని అడుగు. జూలైలో అడిగితే ఆదివారం అర్ధరాత్రి ఇస్తారు.

ఒక మ్యాచ్‌కి ఎంతసేపు కావాలో లెక్క నీ దగ్గరుండాలి. వార్మప్ 15 నిమిషాలు, ఆ తర్వాత జాంబోనీ (ఐసుని నున్న చేసే బండి) తిరిగి నీళ్లు గడ్డకట్టడానికి 12. ఆట మూడు పీరియడ్లు. పీరియడ్ 20 నిమిషాలే అయినా విజిల్ పడ్డప్పుడల్లా గడియారం ఆగుతుంది కాబట్టి ఒక్కోటి 35 నుంచి 40 పడుతుంది. రెండు విరామాలకి 26 వేసుకో. మొత్తం రెండుముప్పావు గంటలు. రెండున్నర గంటలే తీసుకుంటే మూడో పీరియడ్ చివర్లో రింకు వాళ్లు వచ్చి నిలబడతారు. ఒప్పందంలో కర్ఫ్యూ నిబంధన ఉంటే, టైమ్ దాటగానే గడియారం ఆపకుండా తిప్పేస్తారు, లేదా ఆటే ముగిస్తారు. ఒక్క గోల్ వెనకబడి ఉన్నప్పుడు ఆ పని జరిగితే రెండు జట్లూ నీమీదే పడతాయి. ప్రాక్టీస్ స్లాట్‌లో కూడా జాంబోనీ సమయం మీ గంటలో కలుస్తుందో లేదో అడుగు. కలిస్తే గంటకి డబ్బు కట్టి 50 నిమిషాలు ఆడతారు.

ఒప్పందంలో ఇంకా చూడాల్సినవి ఉన్నాయి: రద్దు చేసుకోవాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, వాళ్ల చిల్లర్ (ఐసుని గడ్డకట్టించే యంత్రం) పాడైతే డబ్బు వెనక్కిస్తారా లేక వేరే తేదీ ఇస్తారా, టికెట్లు మీరు అమ్ముకోవచ్చా, స్పాన్సర్ బ్యానర్ కట్టనిస్తారా, రెఫరీలకి విడి గది ఉందా. సంతకం మాత్రం నువ్వు పెట్టకు. ఇరవై ఏళ్ల కుర్రాడి సంతకంతో రింకు వాళ్లకి ఇబ్బందేమీ లేదు, బాకీ పడితే అది నీ పేరునే ఉంటుంది. క్లబ్ స్పోర్ట్స్ ఆఫీసులో సంతకం చేసే అధికారం ఎవరికుందో వాళ్ల చేతే పెట్టించు. వాళ్ల లీగల్ వాళ్లు చదివి పంపడానికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు, అది కూడా కలుపుకుని మొదలుపెట్టు.

డబ్బు లెక్క ఇలా వెయ్యి. రేట్లు ఊరిని బట్టి మారతాయి, పద్ధతి పట్టుకో. ఐసు గంటకి 400 డాలర్లు అనుకుందాం. వారానికి రెండు ప్రాక్టీసులు, ఒక్కోటి గంటంబావు, 22 వారాలు: 55 గంటలు, 22,000. సొంత మ్యాచ్‌లు 12, ఒక్కోటి రెండుముప్పావు గంటలు: 33 గంటలు, 13,200. రెఫరీలు, స్కోర్ టేబుల్, వైద్య సహాయకుడు కలిపి మ్యాచ్‌కి 700 చొప్పున 8,400. బయటి ఊళ్ల ప్రయాణాలు ఆరు, ఒక్కోటి 3,000 అంటే 18,000. కోచ్ ఖర్చులకి 6,000. లీగ్ ఫీజు, జెర్సీలు, పక్కులు (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లలు), టేపులకి 5,000. మొత్తం 72,600. దీనిమీద పదో వంతు పక్కన పెట్టు, 79,860 అవుతుంది. యూనివర్సిటీ 8,000 ఇస్తే మిగిలింది 71,860. జట్టులో 24 మంది ఉంటే తలకి 3,000కి కొంచెం తక్కువ.

చాలామంది బోల్తాపడేది ఇక్కడే. డిసెంబర్ పరీక్షలయ్యాక నలుగురు మానేస్తారు. మార్కులు తగ్గో, మోకాలు దెబ్బతినో, బెంచీ మీద కూర్చుని విసుగెత్తో. అప్పుడు అదే ఖర్చు 20 మంది మీద పడి తలకి 3,600 దాకా పోతుంది, జనవరిలో ఇంకో 600 అడిగితే ఎవరూ ఇవ్వరు. అందుకే 24 మంది ఉన్నా 20కే భాగించు. మిగిలితే వచ్చే ఏటికి ఉంటుంది.

వసూలు మూడు విడతలుగా పెట్టు. ఎంపికైన వారంలో 40 శాతం, అది తిరిగివ్వనిది. అక్టోబర్ మొదట్లో 40, సెలవులకి వెళ్లే ముందు 20. మొదటి విడత కట్టనివాడికి జెర్సీ ఆర్డర్ చెయ్యకు. పేరు, నంబరు వేసిన జెర్సీని దుకాణం వెనక్కి తీసుకోదు. స్నేహితుడని ఒకడిని వదిలేస్తే నెల తిరక్కుండా ఐదుగురు అదే మాట చెబుతారు. యూనివర్సిటీ ఇచ్చే డబ్బు చాలావరకు ముందు ఖర్చుపెట్టి బిల్లు చూపిస్తే వెనక్కొచ్చేదే, అందుకు వారాలు పడుతుంది. ఆ మధ్యకాలానికి చేతిలో కనీసం ఒక నెల ఐసు డబ్బు ఉండాలి. నీ క్రెడిట్ కార్డు మాత్రం తియ్యకు.

అర్హత కాగితాలు చిన్న పనిలా కనిపిస్తాయి, జట్టుని ముంచేదీ అవే. ఆటగాడు పూర్తికాలపు విద్యార్థి అయి ఉండాలి. సెమిస్టర్ మధ్యలో కష్టమైన క్లాసు ఒకటి వదిలేసి క్రెడిట్లు తగ్గించుకున్నవాడు, తనకి తెలియకుండానే అనర్హుడైపోతాడు. వాడు ఆడిన ప్రతి మ్యాచ్ పోయినట్టు రాస్తారు. కాబట్టి క్లాసులు వదులుకునే గడువు ముగిసిన మర్నాడు అందరి క్రెడిట్లూ రిజిస్ట్రార్ ద్వారా మళ్లీ సరిచూడు. కెనడా లాంటి చోట్ల ఆడి వచ్చినవాడికి ఆ దేశపు సమాఖ్య నుంచి ట్రాన్స్‌ఫర్ కావాలా అన్నది ఆగస్టులోనే తేల్చు. ఇంకొకటి, ఇది మన పిల్లలకి ముఖ్యం. ఎఫ్-1 విద్యార్థి వీసా మీదున్న స్నేహితుడు స్కోర్ టేబుల్ దగ్గర ఊరికే సాయం చేస్తే సరే. రింకులో డబ్బు తీసుకుని గడియారం నడిపితే మాత్రం అనుమతి లేని ఉద్యోగం కిందికి వస్తుంది. వంద డాలర్ల కోసం వీసా మీదికి తెచ్చుకోవద్దని చెప్పు.

షెడ్యూల్‌లో శుక్ర, శనివారాలు ఒకే జట్టుతో రెండు మ్యాచ్‌లు పెట్టుకోవడం ఆనవాయితీ, ఒక ప్రయాణానికి రెండు ఆటలొస్తాయి. తేదీలు ఖాయం చేసే ముందు ఎదుటి ఊళ్లో ఆ శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందేమో చూడు. ఉంటే హోటల్ గది మామూలు ధరకి దొరకదు, అసలు దొరక్కపోవచ్చు. సీజన్ ఫిబ్రవరితో అయిపోతుంది, జాతీయ టోర్నీ మార్చిలో. అర్హత వస్తే ఆ ప్రయాణానికి డబ్బెక్కడిదని అప్పుడు ఆలోచించకూడదు. పక్కన పెట్టమన్న పదో వంతు దీనికే.

టెక్సస్ దూరాలు నీకు తెలుసు. డల్లాస్ నుంచి ఆస్టిన్ మూడు గంటలు, లబ్బక్ ఐదు గంటల పైమాట. 15 మంది కూర్చునే వ్యాన్లు నిండా జనంతో బోల్తాపడే ప్రమాదం ఎక్కువని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎప్పటినుంచో హెచ్చరిస్తోంది, చాలా యూనివర్సిటీలు వాటిని అద్దెకి తీసుకోనివ్వవు. మినీవ్యాన్‌లో ఏడు సీట్లున్నా హాకీ బ్యాగులతో నలుగురే పడతారు. బ్యాగులకీ స్టిక్కులకీ విడిగా ఒక సరుకుల వ్యాన్ తీసుకుంటే లెక్క కుదురుతుంది. శనివారం రాత్రి ఆట అయ్యాక ఐదు గంటలు నడిపి ఇంటికి రావడం ఒప్పుకోకు, గది డబ్బు మిగిలిందని సంబరపడే విషయం కాదది. హోటల్లో తడి సామాను బ్యాగులోనే వదిలేస్తే మర్నాటికి కంపు కొట్టడమే కాదు, గ్లవ్స్, ప్యాడ్లలో సూక్ష్మజీవులు పెరిగి చర్మవ్యాధులు అంటుతాయి. రెండు చిన్న ఫ్యాన్లు వెంట ఉంచు.

సొంత మ్యాచ్ రోజు పని చాలా ఉంటుంది. పక్కులు ముందురోజు రాత్రే ఫ్రీజర్‌లో పెట్టాలి, మ్యాచ్ టైమ్‌కి ఐసు బకెట్‌లో స్కోర్ టేబుల్ దగ్గర ఉండాలి. వేడి పక్కు రబ్బరు బంతిలా ఎగురుతుంది, గడ్డకట్టింది ఎగరకుండా ఐసుకి ఆనుకునే జారుతుంది. డజను చాలు, వార్మప్‌కి ఇంకో నలభై. గడియారానికి ఒకరు, స్కోర్ షీట్‌కి ఒకరు, తప్పు చేసిన ఆటగాడు శిక్షగా కూర్చునే పెనాల్టీ బాక్సు తలుపులకి ఇద్దరు, లైవ్ కెమెరాకి ఒకరు. గడియారం దగ్గర కొత్తవాణ్ణి కూర్చోబెట్టకు. రెండు పెనాల్టీలు ఒకేసారి నడుస్తుండగా ఎవరిది ముందు అయిపోయిందో తికమకపడితే బాక్సులో ఉన్నవాడు ఐసు మీదికి ముందే వచ్చేస్తాడు, గొడవ మొదలవుతుంది. జెర్సీ రంగు ఎదుటి మేనేజర్‌తో బుధవారమే ఈమెయిల్‌లో ఖాయం చేసుకో. ఆట సమయం మారితే మొదటి ఫోన్ రెఫరీలని కేటాయించే వ్యక్తికి, రెండోది ఎదుటి జట్టుకి. వరస తప్పితే జట్లు రెండూ వస్తాయి, విజిల్ ఊదేవాడు ఉండడు, ఐసు డబ్బు మాత్రం కట్టాలి.

వైద్య సహాయకుడు వార్మప్ మొదలయ్యేసరికి బెంచీ దగ్గర లేకపోతే ఆట మొదలుపెట్టనివ్వకు, ఎవరు అరిచినా సరే. అంబులెన్స్ ఏ గేటుకి రావాలి, గుండె ఆగితే షాకిచ్చే ఏఈడీ పెట్టె ఏ గోడకి ఉంది, రింకు పూర్తి చిరునామా ఏమిటి అన్నవి కాగితం మీద రాసి స్కోర్ టేబుల్‌కి అంటించు. తల దెబ్బ అనుమానం వస్తే ఆ రోజుకి వాడి ఆట అయిపోయినట్టే, తిరిగి రావడం మెట్టు మెట్టుగా, ఒక్కో మెట్టుకి కనీసం 24 గంటలు. మెడ రక్షణ గురించి కుర్రాళ్లు గునుస్తారు. 2023 అక్టోబర్ 28న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో మ్యాచ్ మధ్యలో స్కేటు బ్లేడు మెడకి తగిలి ఆడమ్ జాన్సన్ చనిపోయాడు, ఎన్‌హెచ్‌ఎల్ అనే అమెరికా, కెనడాల పెద్ద లీగ్‌లో కూడా ఆడినవాడు. మీ లీగ్ తప్పనిసరి చేసినా చెయ్యకపోయినా మీ జట్టు నియమంగా పెట్టు.

బ్లేడుల సంగతి కొంచెం తెలుసుకుని ఉండు. పదును పెట్టేటప్పుడు బ్లేడు మధ్యలో పడే గాడిని హాలో అంటారు. ఆ గాడి వంపు వ్యాసార్ధం మామూలుగా అర అంగుళం, అది పెరిగితే గాడి లోతు తగ్గుతుంది. ఐసు మెత్తగా ఉండే రింకులో, బరువైన ఆటగాడికి అంగుళంలో ఐదు ఎనిమిదో వంతులు నయం, ఎందుకంటే అంచు మరీ లోతుగా దిగితే కాలు లాగినట్టుంటుంది. గట్టి ఐసు మీద తేలికవాడికి మూడు ఎనిమిదో వంతులు పట్టునిస్తుంది. పదును సరిగ్గా కుదిరిందో లేదో చూడాలంటే బ్లేడు మీద అడ్డంగా ఒక నాణెం పెట్టి చూడు. అది ఒక పక్కకి వాలితే ఒక అంచు ఎత్తుగా ఉన్నట్టు, మలుపు తిరిగేటప్పుడు వాడు పడిపోతాడు. మళ్లీ చేయించు. పనిముట్ల పెట్టెలో స్క్రూడ్రైవర్, హెల్మెట్ స్క్రూలు, ముఖానికుండే కేజ్ పట్టీలు, లేసులు, తెల్ల, నల్ల టేపులు, సాక్సులకి పారదర్శక టేపు, గోల్‌కీపర్‌కి ఒక అదనపు స్టిక్కు ఉండాలి. లైనప్‌లో ఇద్దరు గోల్‌కీపర్లే అయినా మూడో గోల్‌కీపర్‌ని జట్టులో ఉంచుకోండి. ఒకడికి గజ్జ పట్టేసి ఇంకొకడికి పరీక్ష పడిన వారాంతం తప్పకుండా వస్తుంది, స్కేటర్లలో ఎవడినీ అక్కడ నిలబెట్టలేం.

రింకు వాళ్లు ముసాయిదా ఒప్పందం పంపగానే నాకు ఒక కాపీ పెట్టు. రద్దు నిబంధన, కర్ఫ్యూ నిబంధన ఉన్న పేజీలు ముందు చూస్తాను. ఈలోగా పోయిన సీజన్ బ్యాంకు స్టేట్‌మెంట్లు పాత మేనేజర్ దగ్గర తీసుకో, వాడు ఇంటర్న్‌షిప్‌కి వెళ్లిపోకముందే.

ఇట్లు,
మీ మామయ్య