సెర్బో-క్రొయేషియన్ క్రియ ‘పెచి’ అర్థం, మూలం, రూపాలు ఏమిటి?

ప్రధానంగా బ్రెడ్ గానీ మాంసం గానీ కాల్చడం. కానీ రకియా అనే సారా కాయడానికీ ఇదే మాట వాడతారు, పొగకు కళ్ళు మండినా ‘ఓచి మే పెకు’ అంటారు.

మూలం ‘వండు’ అనే అర్థమున్న ఆది ఇండో-యూరోపియన్ ధాతువు. సంస్కృతంలో ‘పచ్’ దాన్నుంచే వచ్చింది కాబట్టి మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న పచనం, పాకం దీనికి చుట్టాలే, పైగా ఆ జంటలో కనిపించే చ-క మార్పే ఇక్కడా ఉండటం నాకు భలే నచ్చుతుంది.

వర్తమానం: పెచెమ్ (నేను), పెచెష్ (నువ్వు), పెచె (అతను/ఆమె), పెచెమో (మేము), పెచెతే (మీరు), పెకు (వాళ్ళు). అసలు ధాతువు ‘పెక్’, ‘ఎ’ ముందు క కాస్తా చ అవుతుంది, ‘వాళ్ళు’ రూపంలో ‘ఉ’ ఉంది కాబట్టి క అలాగే నిలిచింది. ఆజ్ఞార్థంలో ‘ఇ’ వస్తుంది, అప్పుడు ‘పెత్సి’. భూతకాలంలో మగవాళ్ళు ‘పెకఓ సమ్’, ఆడవాళ్ళు ‘పెక్లా సమ్’ అంటారు. ఇది పట్టుబడితే తెచి (ప్రవహించు), వూచి (లాగు) కూడా వచ్చేసినట్టే. కాల్చడం పూర్తయిందని చెప్పాలంటే మాత్రం ‘ఇస్పెచి’ వాడాలి.