పాఠకుల ప్రశ్నలు: కొల్లేరు లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రాంతాలవారీగా పర్యావరణ సమస్యలను ముందుగా అంచనా వేసి, ఆ తర్వాతే అభివృద్ధి విధానాలు రూపొందించాలని గత సంచికలో రాసిన వ్యాసానికి వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం కొల్లేరు చుట్టుపక్కల ఊళ్ల నుంచే వచ్చాయి. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఆ సరస్సుకే కేటాయిస్తున్నాము. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి, కుదించి ఇస్తున్నాము.

జిల్లాలవారీగా పర్యావరణ ప్రణాళికలు తయారు చేయాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ ఎప్పుడో ఆదేశించింది. అవి ఉండగా కొల్లేరుకు వేరే అంచనా కావాలని మీరు ఎందుకంటున్నారు? (ఏలూరు నుంచి ఒక పాఠకుడు)

జిల్లా ప్రణాళికల విలువను తగ్గించడం మా ఉద్దేశం కాదు. చెత్త సేకరణ, మురుగునీటి శుద్ధి, ఆసుపత్రి వ్యర్థాలు, గనుల తవ్వకం వంటివి కలెక్టరు స్థాయిలో సమీక్షించి సరిదిద్దగలిగినవే. అయితే కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిన సరస్సు. దాని మంచి చెడులు దానిలోకి వచ్చే నీరు, దాని నుంచి పోయే నీరు నిర్ణయిస్తాయి. మైలవరం వైపు కొండల్లో పుట్టిన బుడమేరు ఎన్టీఆర్ జిల్లాలో విజయవాడను ఒరుసుకుంటూ, కృష్ణా జిల్లా మీదుగా సరస్సును చేరుతుంది. తమ్మిలేరు ఎగువ పరీవాహకం తెలంగాణలోని ఖమ్మం జిల్లా వైపు ఉంది. అది చింతలపూడి దగ్గరి నాగిరెడ్డిగూడెం జలాశయం దాటి మీ ఏలూరు మీదుగానే కిందికి దిగుతుంది. వీటికి తోడు రామిలేరు, గుండేరు, పదుల సంఖ్యలో డ్రెయిన్లు వచ్చి కలుస్తాయి. ఇన్ని దారుల్లో వచ్చిన నీరు సముద్రానికి పోవడానికి సుమారు అరవై కిలోమీటర్ల పొడవైన ఉప్పుటేరు ఒక్కటే మార్గం.

2022 ఏప్రిల్‌లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించాక కైకలూరు ప్రాంతం కూడా ఏలూరు జిల్లాలో చేరడంతో సరస్సు చాలా వరకు ఒకే కలెక్టరు పరిధిలోకి వచ్చింది. పాలనకు ఇది సౌకర్యమే. కానీ నీళ్లు తెచ్చే వాగుల దారిలో చాలా భాగం, నీళ్లు తీసుకుపోయే ఏరులో ఎక్కువ భాగం ఇప్పటికీ ఆ కలెక్టరు చేతిలో లేవు. ఏలూరు జిల్లా ప్రణాళిక ఎంత చక్కగా రాసినా విజయవాడ మురుగు గురించి గాని, ఆకివీడు దిగువన ఉప్పుటేరు పూడిక గురించి గాని అది ఆదేశించగలిగింది ఏమీ ఉండదు. 2017 చిత్తడి నేలల నిబంధనల్లో ప్రభావ పరిధి అనే భావన ఉంది. ఒక చిత్తడి నేల స్థితిని మార్చగల ప్రాంతమంతటినీ గుర్తించి, అక్కడ జరిగే పనులను కూడా లెక్కలోకి తీసుకోవాలన్నది దాని సారాంశం. అయితే వన్యప్రాణి చట్టం కింద ఇప్పటికే రక్షణ ఉన్న ప్రాంతాలకు ఆ నిబంధనలు వర్తించవు. దాని ఫలితంగా అభయారణ్యంగా ప్రకటించిన కొల్లేరుకు తన హద్దు లోపల గట్టి చట్టం ఉంది, హద్దు బయట పరీవాహకమంతటినీ ఒకటిగా చూసే అధికారి లేడు. మేము కోరిన అంచనా ఈ ఖాళీని పూరించడానికే.

ఐదో కాంటూరా, మూడో కాంటూరా అన్న వాదన మా ఊళ్లలో ఇరవై ఏళ్లుగా నడుస్తోంది. నిపుణుల దృష్టిలో ఏది సరి? (కైకలూరు, మండవల్లి ప్రాంతాల నుంచి పలువురు)

ముందు పూర్వాపరాలు చూద్దాం. కాంటూరు అంటే సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తున ఉన్న చోట్లను కలిపే గీత, ఇక్కడ ఐదో కాంటూరు అంటే ఐదు అడుగుల ఎత్తు. ఆ ఎత్తు వరకు ఉన్న సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ సూచనల మేరకు 2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లను తొలగించారు. హద్దును మూడో కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. ఆ కోరికను పరిశీలించడానికి కేంద్ర పర్యావరణ శాఖ నియమించిన అజీజ్ కమిటీ ఐదో కాంటూరునే కొనసాగించాలని చెప్పింది. వన్యప్రాణి చట్టం 26ఏ సెక్షన్ ప్రకారం జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేకుండా అభయారణ్యం హద్దును మార్చే వీలు లేదు కాబట్టి, తీర్మానం ఒక్కటే చాలదు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. కొల్లేరు పళ్లెం లాంటిది, లోతు తక్కువ, అంచు వెడల్పు. పదో కాంటూరు దగ్గర దాని విస్తీర్ణం సుమారు 901 చదరపు కిలోమీటర్లు, ఐదు దగ్గర 308, మూడు దగ్గర 135. అంటే హద్దును రెండే అడుగులు కిందికి దించితే విస్తీర్ణంలో సగానికి పైగా బయటకు పోతుంది. ఐదు, మూడు కాంటూర్ల మధ్య పట్టే నీటిని ఈ విస్తీర్ణాలతోనే స్థూలంగా గుణిస్తే నాలుగున్నర నుంచి ఐదు టీఎంసీల మధ్య వస్తుంది. ప్రకాశం బ్యారేజీ నిల్వ సామర్థ్యం మూడు టీఎంసీల చిల్లర మాత్రమే. ఉప్పుటేరు మోయగలిగినదాని కంటే పదివేల క్యూసెక్కులు అదనంగా సరస్సులోకి వస్తున్నాయనుకుంటే, ఆ అదనపు వరదను ఐదు రోజులకు పైగా ఆపి ఉంచేది ఈ రెండడుగుల అంచే. కాగితం మీద గీత జరిపినంత మాత్రాన ఈ నిల్వ పోదు. గీత జరిగాక ఆ నేల మీద గట్లు లేస్తే పోతుంది. గట్లు లేవడానికే గీత జరపాలంటున్నారన్నది అందరికీ తెలిసిన విషయం.

అందుచేత హద్దు తగ్గించరాదన్నదే మా అభిప్రాయం. అయితే ఇంతటితో వదిలేస్తే అది అన్యాయమవుతుంది. ఐదో కాంటూరు లోపల జిరాయితీ భూములు వేల ఎకరాలున్నాయి. పట్టా చేతిలో ఉండి, శిస్తు కట్టిన రైతుకు ఆ నేల మీద సాగు చేసుకునే హక్కును పరిమితం చేసినప్పుడు పరిహారం చెల్లించడమో, భూమిని కొనుగోలు చేయడమో ప్రభుత్వం మొదటి రోజే చేయవలసిన పని. ఇన్నేళ్లుగా కాంటూరు వివాదం చల్లారకపోవడానికి పర్యావరణ శాస్త్రంలో సందిగ్ధత కారణం కాదు, తేలని ఈ భూమి హక్కుల లెక్కే కారణం.

2006లో సొసైటీ చెరువు పోయాక మా ఇంట్లో ఇద్దరు వలస వెళ్లారు. తర్వాత కొన్నేళ్లకే పెద్దవాళ్ల చెరువులు మళ్లీ లేచాయి. మీరు చెప్పే అంచనాల్లో మాలాంటి వాళ్లు ఎక్కడ ఉంటారు? (ఒక లంక గ్రామం నుంచి పాఠకురాలు)

అమ్మా, ఈ వారం వచ్చిన ప్రశ్నలలో ఇదే బరువైనది. కొల్లేరు నడుమ నలభైకి పైగా లంక గ్రామాలు, ఒడ్డున డెబ్భైకి పైగా గ్రామాలు ఉన్నాయి. మావులు పెట్టి, వలలు వేసి కొరమీను, మట్టగుడిస, ఇంగిలాయి పట్టుకుని బతికిన కుటుంబాలకు 1970లలో ప్రభుత్వమే సహకార సంఘాల పేరిట చేపల చెరువులు ఇచ్చింది. చెరువు నడపడానికి కావలసిన పెట్టుబడి ఆ సంఘాల వద్ద లేకపోవడంతో అవి క్రమంగా లీజుల రూపంలో డబ్బున్న వారి చేతుల్లోకి వెళ్లాయి. గట్లు తెంపినప్పుడు లీజుదారు తన పెట్టుబడిని మరోచోటికి తరలించుకోగలిగాడు, లీజు సొమ్ము మీద, చెరువు కూలి మీద బతికిన కుటుంబం తరలించుకోలేకపోయింది. గట్లు ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని ఎకరాలు అన్నది లెక్కించినంత శ్రద్ధగా, ఏ ఇంటికి ఏ నెలలో ఏ ఆదాయం ఆగిపోతుందన్నది అప్పట్లో లెక్కించలేదు. చెరువులు తిరిగి లేవడానికి అదీ ఒక కారణమని మేము భావిస్తున్నాము. వేరే బతుకుతెరువు లేనిచోట ఒక రాత్రి పొక్లెయిన్ వస్తే అడ్డుకునేవారు ఉండరు.

కాబట్టి అంచనాలో కుటుంబాల ఆదాయాన్ని అనుబంధంగా కాక, నీటి లెక్కతో సమానంగా చేర్చాలి. సరస్సులో నీరు నిలిచి, ఉప్పు తగ్గితే నాటు చేపల దిగుబడి ఎంత పెరుగుతుంది, దాని మీద ఎన్ని కుటుంబాలు బతకగలవు, మిగిలిన వారికి ఏమి చూపించాలి అన్న మూడు ప్రశ్నలకు సమాధానం లేని ప్రణాళికను ఏ గ్రామసభ అయినా తిప్పి పంపవచ్చు. పంపాలి కూడా.

2024 బుడమేరు వరదకూ కొల్లేరుకూ సంబంధం ఉందా? (విజయవాడ నుంచి)

ఉంది, కానీ చాలామంది అనుకున్న దిశలో కాదు. విజయవాడ మునగడానికి తక్షణ కారణాలు ఎగువన ఉన్నాయి. వెలగలేరు రెగ్యులేటరు నుంచి బుడమేరు వరదను కృష్ణలోకి మళ్లించే కాలువ గట్లకు 2024 సెప్టెంబరు మొదట్లో గండ్లు పడ్డాయి. సరిగ్గా అప్పుడే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా వరద నడుస్తోంది. నది అంత ఎత్తున ఉన్నప్పుడు మళ్లింపు కాలువ దానిలోకి నీటిని ఒంపలేదు. సింగ్ నగర్ వైపు కాలనీలను ముంచిన నీరు బుడమేరు పాత దారి వెంట కిందికి దిగి, తర్వాతి రోజుల్లో కొల్లేరు లంక గ్రామాల దారులను ముంచింది. కొల్లేరు విజయవాడను ముంచలేదు, విజయవాడ మీదుగా వచ్చిన వరద కొల్లేరును ముంచింది. మళ్లింపు కాలువను వెడల్పు చేయడం మంచిదే. అయితే కృష్ణ, బుడమేరు ఒకేసారి పొంగే రోజున ఆ వెడల్పు కూడా అక్కరకు రాదని, ఆ రోజు నీరంతా కొల్లేరుకే వస్తుందని రూపకర్తలు ఒప్పుకుని, ఉప్పుటేరు పూడికతీతను, ఆక్రమణల తొలగింపును అదే పథకంలో భాగంగా చూడాలి.

పట్టణాల మురుగు, ఫ్యాక్టరీల నీరు వదిలేసి అందరూ ఆక్వా రైతు మీదే పడతారెందుకు? (భీమవరం దగ్గరి రైతు)

మీ ఫిర్యాదులో న్యాయముంది. విజయవాడ, గుడివాడ, ఏలూరు మురుగులో శుద్ధి కాని భాగం చివరకు చేరేది కొల్లేరుకే. ఆ భారాన్ని రైతుల ఖాతాలో వేయడం తప్పు. కానీ చెరువుల సంగతి కూడా తేలికైనదేమీ కాదు. పట్టుబడి రోజున ఏం జరుగుతుందో మీకు మాకంటే బాగా తెలుసు. తూము తీసి నీటిని డ్రెయిన్లోకి వదులుతారు. మేతలో, ఎరువులో చేప ఒంటికి పట్టని నత్రజని, భాస్వరం ఆ నీటితో పోతాయి. అదే డ్రెయిన్ మీద దిగువన మరొక రైతు ఇంజను పెట్టి తన చెరువు నింపుకుంటాడు. పై చెరువులో రోగం ఉంటే అది కూడా మోటారులోంచే వస్తుంది. డ్రెయిన్ చివర సరస్సు మొగలో గుర్రపు డెక్క, కిక్కిస దట్టంగా అల్లుకుని ప్రవాహాన్ని ఇంకా మందగింపజేస్తాయి. అంటే నష్టం సరస్సుకు చేరేలోపే రైతుకు తగులుతోంది.

అభయారణ్యం లోపలి చెరువులది చట్టం తేల్చిన విషయం. బయటి చెరువులకు మాత్రం ఇప్పుడున్న పద్ధతి సరిపోదన్నది మా వాదన. అనుమతి సర్వే నంబరు చూసి ఇస్తున్నారు. ఒక డ్రెయిన్ ఎంత మేత, ఎంత మురుగు మోయగలదో ముందు కొలిచి, ఆ మేరకే ఆ డ్రెయిన్ మీద చెరువుల విస్తీర్ణానికి పరిమితి పెట్టి, ఆ పరిమితిలో పట్టణపు వాటా ఎంత, రైతుల వాటా ఎంత అని విడగొట్టాలి. అప్పుడు మురుగును శుద్ధి చేయని పురపాలక సంఘాన్ని మీరే నిలదీయగలుగుతారు.

పర్యావరణ ప్రభావ అంచనా చట్టపరంగా తప్పనిసరి కదా, అది చాలదా? (గుడివాడ నుంచి ఒక ఉపాధ్యాయుడు)

చాలదు. 2006 నోటిఫికేషన్ ఒక్కొక్క ప్రాజెక్టును విడిగా చూస్తుంది. దాని జాబితాలో చేపల చెరువులే లేవు. తీరప్రాంత ఆక్వా చట్టం ఉప్పునీటి సాగుకే పరిమితం కాబట్టి మంచినీటి చేపల చెరువులకు వర్తించదు. పైగా ప్రభావ అంచనా నివేదికలకు సాధారణంగా వర్షాకాలం కాని ఒక రుతువు వివరాలు సేకరిస్తే సరిపోతుంది. కొల్లేరుకు ఆగస్టులో సమస్య వరద, మే నెలలో సమస్య ఉప్పు. ఒక రుతువు చూసి రాసిన నివేదిక ఈ రెండింటిలో ఒకదానిని తప్పక వదిలేస్తుంది.

పంచాయతీ స్థాయిలో మేము చేయగలిగింది ఏమైనా ఉందా? (ఆకివీడు ప్రాంతం నుంచి విద్యార్థులు)

ఉంది. జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు నిర్వహించాలి. మీ ఊరి కమిటీని అడిగి, ఇప్పుడు వలలో పడే చేపల పేర్లు, పడడం మానేసిన వాటి పేర్లు పెద్దల చేత చెప్పించి అందులో నమోదు చేయించండి. రెండో పని ఉప్పు కొలవడం. వేసవిలో ఎగువ నుంచి నీరు తగ్గగానే ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు వెనక్కి తన్నుతుంది. అది ఏ నెలలో, ఏ వంతెన దాకా వస్తోందో తేదీలవారీగా వివరాలు ఉంటే, ఏటి మీద రెగ్యులేటరు ఎక్కడ కట్టాలన్న చర్చకు అవి నేరుగా పనికొస్తాయి. రొయ్యల చెరువుల దగ్గర వాడే రిఫ్రాక్టోమీటరు ఇందుకు చాలు. ప్రతిసారీ ఒకే చోట నీరు తీయండి. పోటు మీద ఒకసారి, పాటు మీద ఒకసారి కొలిచి, రెండింటినీ విడివిడిగా రాయండి. అమావాస్య, పౌర్ణమి రోజులను వదలకండి, పోటు పెద్దదిగా ఉండేది అప్పుడే. నెలల తరబడి రాసిన పుస్తకం నకలు ఒకటి జలవనరుల శాఖ స్థానిక ఇంజనీరుకు, ఒకటి మాకు పంపండి.