వైరస్‌కి ఆమ్లం కావాలని ఎలా తేల్చాలి

తమ్ముడూ,

నువ్వు పంపిన గ్రాఫ్ చూశాను. బాఫిలోమైసిన్ మందు వేసిన వెల్స్‌లో, అంటే ప్లేటులోని గుంటల్లో, ఇన్ఫెక్షన్ దాదాపు మాయమైంది, మంచి సంకేతమే, కానీ దాన్ని చూసి మీ వైరస్ లోపలికి రావడానికి ఎండోసోమ్ (కణం బయటి సరుకుని లోపలికి తీసుకునే చిన్న సంచి) ఆమ్లత్వం తప్పనిసరి అని అప్పుడే రాసేయకు. ఆ మందు ఎండోసోమ్‌ని ఆమ్లంగా మార్చే ప్రోటాన్ పంపుని ఆపుతుంది, నిజమే. కానీ గంటల తరబడి ఉంచితే ఆటోఫేజీ (కణం తన పాత సరుకుని తానే అరిగించుకునే పని) చెడుతుంది, కణమే నీరసిస్తుంది, అప్పుడు తగ్గింది వైరస్ ప్రవేశమో దాని తర్వాతి పనో నీకు తెలియదు.

కాబట్టి ముందు మందు వేసే సమయం మార్చి చూడు. వైరస్‌ని 4 డిగ్రీల దగ్గర కణాలకు అంటించి, కడిగి, 37కి మార్చి, కొన్ని వెల్స్‌లో వెంటనే, కొన్నిట్లో అరగంటకి, గంటకి, రెండు గంటలకి మందు వెయ్యి. ఆలస్యంగా వేసినా ఇన్ఫెక్షన్ అంతే తగ్గుతుంటే సమస్య ప్రవేశంలో లేనట్టే. కణాలు బతికున్నాయో లేదో పక్కనే కొలిచి చూడు, ఇది మాత్రం వదలొద్దు.

అసలు నమ్మించే ప్రయోగం వేరే ఉంది: ఎండోసోమ్ ఇవ్వలేని ఆమ్లాన్ని బయట నుంచి నువ్వే ఇవ్వడం. బాఫిలోమైసిన్ అలాగే ఉంచి, ఐస్ మీద అంటించిన వైరస్‌కి పీహెచ్ 5 నుంచి 5.5 ఉన్న వెచ్చని బఫర్ కొద్ది నిమిషాలు పోసి, తీసేసి, మామూలు మీడియం వెయ్యి, పక్క వెల్స్‌కి అదే పని 7.4 బఫర్‌తో చెయ్యి. ఆమ్లం పడిన చోటే ఇన్ఫెక్షన్ తిరిగొస్తే ఇంక వాదించేవాడు ఉండడు. ఒక్క పీహెచ్‌తో ఆగకు, 6.5 నుంచి మెట్లు మెట్లుగా దిగు, ఎందుకంటే సెమ్లికి ఫారెస్ట్ వైరస్‌కి 6.2 దగ్గరే, అంటే ఆమ్లం ఇంకా తక్కువున్న ఎర్లీ ఎండోసోమ్‌లోనే పనైపోతుంది, ఇన్‌ఫ్లుయెంజా పైనున్న హీమాగ్లుటినిన్ అనే ప్రోటీన్‌కి చాలా రకాల్లో 5.5 కన్నా కిందికి, ఆమ్లం ఎక్కువైన లేట్ ఎండోసోమ్ దాకా వెళ్ళాలి.

తిరిగి రాకపోతే మాత్రం ఆమ్లం అక్కర్లేదని అనేయకు. ఎబోలా చూడు, ఆమ్లంలో పనిచేసే కెథెప్సిన్లనే ఎంజైములు ముందు దాని పైనున్న ప్రోటీన్‌ని కోయాలి, ఆ తర్వాత అది అతుక్కోవడానికి ఎండోసోమ్ లోపలున్న ఎన్‌పీసీ1 అనే కణ ప్రోటీన్ దొరకాలి. బయట పోసిన ఆమ్లం ఒక్కటే ఈ రెండు పనులూ చేయలేదు.

ఇంకోటి, ఒక్క కణజాతితో తృప్తి పడకు, నాకు దీని మీదే ఎక్కువ బెంగ. 2020లో ఎండోసోమ్ ఆమ్లాన్ని తగ్గించే క్లోరోక్విన్ వేరో అనే కోతి మూత్రపిండ కణాల్లో సార్స్‌కోవ్2ని (కోవిడ్ వైరస్‌ని) ఆపింది, అందరూ ఆశపడ్డారు. కానీ వేరోలో టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2, అంటే వైరస్ ప్రోటీన్‌ని కణం పైపొర మీదే కోసే ఎంజైమ్, దాదాపు ఉండదు, అందుకే వైరస్ ఎండోసోమ్ దారి పట్టింది. ఆ ఎంజైమ్ ఉన్న ‘కాలు3’ అనే మనిషి ఊపిరితిత్తుల కణాల్లో వైరస్ ఆ దారినే పోలేదు, మందు పనిచేయలేదు. మీ వైరస్ మనిషిలో ఏ కణాలకు సోకుతుందో ఆ కణాల్లో కూడా ఇదంతా చేసి, ఆ డేటా వచ్చాకే డ్రాఫ్ట్ పంపు.