గ్లూటెన్ అంటే జిగురేనా?

సందేహం: ‘గ్లూటెన్’ను తెలుగులో ‘జిగురు’ అని రాయవచ్చా? ‘గ్లూటినస్ రైస్’ అంటే గ్లూటెన్ ఉన్న బియ్యమా? గ్లుటామేట్, గ్లూకోజ్ కూడా ఈ మాట చుట్టాలేనా?

సమాధానం: పుట్టుక చూస్తే జిగురే. లాటిన్‌లో ‘గ్లూటెన్’ అంటే బంక. ఇంగ్లిష్ ‘గ్లూ’ కూడా ఆ కుదురులోదే, ఫ్రెంచి మీదుగా వచ్చింది. అయితే వాడుకలో దీనికి అర్థసంకోచం జరిగింది. ఇప్పుడు గోధుమ, బార్లీ, రై గింజల్లోని కొన్ని ప్రొటీన్లకే ఆ పేరు. అందుకే ‘జిగురు’ అనే అనువాదం నాకు సమ్మతం కాదు. చెట్టు కారే బంకా జిగురే, అవిసె గింజలు నానితే వచ్చేదీ జిగురే. వాటిలో గ్లూటెన్ ఉండదు.

ఈ పేరు ఎందుకు అతికిందో పిండి ముద్దను కడిగితే తెలుస్తుంది. 100 గ్రాముల గోధుమ పిండిని సుమారు 60 మి.లీ. నీటితో పది నిమిషాలు పిసికి, అరగంట నాననిచ్చి, గిన్నెడు నీళ్లలో మెల్లగా నలుపుతూ కడగాలి. నీళ్లు పాలలా తెల్లబడతాయి, అది స్టార్చ్. నీళ్లు మార్చుకుంటూ తేటపడేదాకా కడిగితే చేతిలో రబ్బరులా సాగే ముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్. తడిసిన గ్లయడిన్, గ్లూటెనిన్ అనే రెండు ప్రొటీన్లు పిసికేటప్పుడు వలలా అల్లుకోవడం వల్ల ఆ సాగుడు. నాననివ్వకుండా కుళాయి ధార కింద పెడితే ముద్ద విరిగి కొట్టుకుపోతుంది. బియ్యప్పిండిని ఇలా కడిగితే ముద్దంతా విడిపోతుంది, సాగేది ఏదీ మిగలదు. ఇటలీలోని బొలోన్యాకు చెందిన శాస్త్రవేత్త బెక్కారి 1728లో వినిపించి, 1745లో అచ్చయిన పరిశోధనలో గోధుమ పిండిని ఇలాగే కడిగి రెండుగా విడదీశాడు.

ఇక ‘గ్లూటినస్’. ఈ విశేషణం పాత అర్థంలోనే నిలిచిపోయింది: ‘జిగటగా ఉండేది’ అని మాత్రమే. ఆ బియ్యపు జిగట స్టార్చ్‌ది. అందులో దాదాపు అంతా అమైలోపెక్టిన్ అనే జిగట రకపు స్టార్చే. గ్లూటెన్ లేదు. కనుక దాన్ని ‘జిగురు బియ్యం’ అనండి. ‘గ్లూటెన్ బియ్యం’ అని రాస్తే సీలియాక్ వ్యాధి (గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు) ఉన్నవారు తినదగినదాన్ని అనవసరంగా మానేస్తారు.

గ్లుటామేట్‌కు పేరు వరకే చుట్టరికం. 1866లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త రిట్‌హౌజెన్ గోధుమ గ్లూటెన్ నుంచి ఒక అమైనో ఆమ్లాన్ని వేరుచేశాడు. దానికి గ్లుటామిక్ ఆమ్లమని పేరు వచ్చింది, దాని లవణం గ్లుటామేట్. లవణంలో గ్లూటెన్ ఉండదు. గ్లూకోజ్ అసలు వేరే వంశం. దాని మూలం తీపిని చెప్పే గ్రీకు మాటల్లో ఉంది.

మన భాషకూ ఈ మాటతో ఒక బంధం ఉంది. భాషాశాస్త్రంలో తెలుగును ‘అగ్లూటినేటివ్’ భాష అంటారు, అంటే అతుకులతో మాటలు కట్టే భాష. ‘చేయించుకున్నారు’ చూడండి: ‘చేయి’కి ‘ఇంచు’, ‘కొను’, ఆపైన కాలం, బహువచనం వరసగా అతుక్కున్నాయి. ‘అగ్లూటినేటివ్’ అనే మాట లోపల ఉన్నది లాటిన్ బంకే.

రాసేటప్పుడు ‘గ్లూటెన్’ అని దీర్ఘంతో రాసి, మొదటిసారి ‘గోధుమ, బార్లీ, రైలలోని కొన్ని ప్రొటీన్లు’ అని వివరిస్తే చాలు. ‘గ్లూటెన్ రహిత’ తప్పు కాదు గానీ ‘గ్లూటెన్ లేని’ అంటే తేలిగ్గా అర్థమవుతుంది. ‘గోధుమ లేని’ని మాత్రం దానికి బదులుగా వాడకండి, బార్లీతో చేసినదానికి కూడా ఆ మాట సరిపోతుంది.