జిఫీస్ సున్నాకి తిరిగితే టైమవుట్ ఎందుకు తప్పుతుంది?

ప్రశ్న: లినక్స్ కెర్నెల్ (సిస్టమ్‌కి మూలమైన ప్రోగ్రామ్) టైమర్ టిక్కులను లెక్కపెట్టే కౌంటరే జిఫీస్. డ్రైవర్‌లో 'జిఫీస్ > గడువు' అని నేరుగా పోల్చకూడదంటారు, ఎందుకు?

చిత్తూరులో బయల్దేరినప్పుడు పాత జీపు మీటర్ 99960 చూపించి, తిరుపతి చేరేసరికి 00030 చూపిస్తే, జీపు వెనక్కి వెళ్లిందని ఎవరూ అనుకోరు. 70 కిలోమీటర్లు వచ్చామని లెక్కేస్తారు. కెర్నెల్ చేసేదీ ఇదే.

32 బిట్ల జిఫీస్ 4294967295 దాటగానే సున్నా అవుతుంది. సెకనుకు 1000 టిక్కులైతే దాదాపు 49.7 రోజులకొకసారి. ఇప్పుడు జిఫీస్ 4294967290 అనుకోండి, 10 టిక్కుల గడువు పెడితే ఆ గడువు విలువ 4 అవుతుంది. నేరుగా పోలిస్తే గడువు అప్పుడే దాటిపోయినట్టు వస్తుంది!

ఈ పోలిక కోసం కెర్నెల్‌లో ఉన్న టైమ్_ఆఫ్టర్ మ్యాక్రో (రెడీమేడ్ కోడ్ ముక్క) ముందు గడువులోంచి జిఫీస్ తీసివేసి, వచ్చిన తేడాని సైన్డ్ సంఖ్యగా, అంటే ప్లస్ లేదా మైనస్ కాగల సంఖ్యగా చూస్తుంది. 4 లోంచి 4294967290 తీసేస్తే 32 బిట్లలో మిగిలేది 10, మైనస్ కాదు, అంటే ఇంకా టైముంది. రెండు విలువల మధ్య దూరం మొత్తం పరిధిలో సగం లోపు ఉన్నంతవరకే ఇది పనిచేస్తుంది, అంటే ఇక్కడ సుమారు 24.8 రోజులు. అంతకంటే పెద్ద గడువులకు 64 బిట్ల కౌంటర్ వాడండి.

నాకు బాగా నచ్చేది, కెర్నెల్ జిఫీస్‌ను సున్నా నుంచి మొదలుపెట్టదు. బూట్ అయిన 5 నిమిషాలకే చుట్టు తిరిగేలా పెట్టారు, తప్పు త్వరగా బయటపడాలని. చిత్తూరు దగ్గర ఒక పాల కేంద్రంలో మా ఉష్ణోగ్రత బోర్డు ఆన్ చేసిన ప్రతిసారీ సరిగ్గా అయిదో నిమిషంలో టైమవుట్ అనేది. రెండు రోజులు టెన్షన్ పడి వైరింగంతా మార్చాం. తప్పు నేను రాసిన ఆ ఒక్క '>' గుర్తులోనే ఉంది.