రాళ్ల గోడల పక్కన నీటిలో మునగవచ్చా?

ప్రశ్న: మా ఊరికి దగ్గరలోని జువ్వలదిన్నె, కృష్ణపట్నం తీరాలలో అలలను ఆపే రాళ్ల గోడల దగ్గర ఒడ్డు నుంచే మునిగి చేపలను చూడవచ్చా? ఏ నెలలు అనుకూలం?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ముందుగా అనుమతి సంగతి. ఓడరేవు, చేపల రేవు గోడల దగ్గర పడవలు తిరుగుతుంటాయి కనుక అనుమతి లేకుండా అక్కడ దిగరాదు.

ఇక నీటి విషయం. మన తీరం అడుగున ఇసుక, ఒండ్రు ఎక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలకు పెన్నా, కండలేరు వంటివి బురదనీటిని తెచ్చి కలుపుతాయి, తుపానులు ఎక్కువగా వచ్చేదీ అప్పుడే. అలలు తగ్గి, వానలు లేని ఫిబ్రవరి, మార్చి ఉదయాలు కొంత మేలు. అయినా అండమాన్‌లో కనిపించే స్పష్టతను ఇక్కడ ఆశించకండి.

ఇసుక నేలపై అతుక్కోవడానికి చోటు దొరకని జీవులకు ఆ రాళ్లే ఆధారం. అలలు తాకే ఎత్తులో బార్నకిల్స్ (రాళ్లకు అతుక్కుని బతికే, గట్టి పెంకు గల చిన్న జీవులు), ఆల్చిప్పలు, కింద నాచు, రాళ్ల సందులలో పీతలు, వాటిని వెదుక్కుంటూ గ్రూపర్ వంటి చేపలు చేరతాయి; నా దృష్టిలో అసలు చూడదగింది ఈ అంచెల అమరికే. బార్నకిల్స్ చర్మాన్ని కోస్తాయి, ఇసుకలో దాగే టేకు చేపకు (స్టింగ్‌రే) విషపు ముల్లు ఉంటుంది.

గోడ వెంబడి సాగే ప్రవాహం ఒక్కోసారి మనిషిని సముద్రంలోకి లాగేస్తుంది. అలాంటప్పుడు ఎదురీదక, తీరానికి సమాంతరంగా, గోడకు దూరంగా ఈదాలి. శిక్షణ, తోడు లేనివారు పోటు తగ్గినప్పుడు అనుమతి ఉన్న ఒడ్డు రాళ్లనే పరిశీలిస్తే చాలు.