మనసా, బుద్ధా? హృదయమా, మనసా?

సందేహం: మా బడిలో 'మనిషిని నడిపేది మనసా, బుద్ధా?' అని వక్తృత్వ పోటీ పెట్టాం. న్యాయనిర్ణేత ఒకరు, 'హార్ట్ అంటే హృదయం, మైండ్ అంటే మనసు; హృదయమా, మనసా అనాలి' అన్నారు. ఒడియా పిల్లలకిచ్చిన అంశంలో 'హృదయ, మస్తిష్క' అని ఉంది. ఏది సరి? మా పిల్లలు 'గుర్తుంది' అనడానికి 'మనసులో ఉంది' అని రాస్తున్నారు, తప్పేనా?
– ఒక ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

సమాధానం: మీరు పెట్టిందే సరి. అయితే నిర్ణేతగారి మాటకూ ఆధారం లేకపోలేదు. సంస్కృతంలో 'మన్' ధాతువుకు తలచడం అని అర్థం. 'మనస్' అందులోంచి వచ్చింది, ఇంగ్లీషు మైండ్ దానికి చుట్టమే, రెండింటిదీ ఒకే ప్రాచీన మూలం. కఠోపనిషత్తు శరీరాన్ని రథమని, ఇంద్రియాలను గుర్రాలని, మనసును పగ్గమని, బుద్ధిని సారథి అని చెప్పింది. అక్కడి మనసు ప్రేమాభిమానాల చోటు కాదు.

తెలుగులో కాపురం పెట్టాక మాట గుణం మారింది. మనసుపడ్డాడు, మనసు విరిగింది, మనసు చంపుకుని ఒప్పుకుంది. వీటిలో మెదడు పెడితే వాక్యం నిలవదు. 'హృదయం విరిగింది' అంటే డబ్బింగ్ సినిమా వింటున్నట్టుంటుంది. అంటే ఇంగ్లీషువాళ్ళు హార్ట్‌కు అప్పగించిన పని మనకు చాలావరకు మనసే చేస్తోంది. గుండెది వేరే దారి: గుండె దిటవు, గుండె జారడం, గుండెలు తీసిన బంటు. అన్నీ ధైర్యం, భయం, తెగువ. ఇక మస్తిష్కం తెలుగులో శరీరశాస్త్ర పాఠానికి సరిపోతుంది, పోటీ పేరుకు బరువు.

ఒకే సంస్కృత పదం రెండుగా చీలిన ముచ్చట కూడా ఉంది. 'మతి' తత్సమంగా నిలిచి తెలివి, జ్ఞాపకం వైపు ఉండిపోయింది: మతిమరుపు, మతిపోయింది. అదే 'మది'గా మారి పాటల్లో, పద్యాల్లో ప్రేమ పక్షం చేరింది.

మరి బుద్ధి పూర్తిగా తెలివి పక్షమా? 'బుద్ధి చెప్పాడు' అన్నప్పుడు అవును. 'తినబుద్ధి కావడం లేదు', 'వాడి మొహం చూడబుద్ధి కాలేదు' అన్నప్పుడు మాత్రం అది అచ్చంగా కోరిక. కాబట్టి పిల్లలు 'బుద్ధి ఎప్పుడూ లెక్క చూసి నడిపిస్తుంది' అని వాదిస్తే ఎదుటి పక్షం ఈ ఒక్క ప్రయోగంతో పడగొట్టవచ్చు. మనిషిని ఏది ఎక్కువ నడిపిస్తుందని నన్నడిగితే, తెలుగు వాడుక మొగ్గు మనసుకే. బుద్ధి వద్దన్నా వెళ్ళేవాళ్ళున్నారు గానీ, మనసొప్పని పనిని అయిష్టంగానే చేస్తారు.

పిల్లల వాక్యానికి వస్తే, అది ఒడియా అచ్చు. ఒడియాలో 'మొనే ఓఛి' అంటే గుర్తుంది, 'మొనే పొడుఛి' అంటే గుర్తొస్తోంది. మాటకు మాట దించితే తెలుగులో అర్థం పక్కదారి పడుతుంది. 'ఆ మాట నా మనసులో ఉంది' అంటే పైకి చెప్పని ఉద్దేశం. 'మనసులో పెట్టుకున్నాడు' అంటే చాలాసార్లు పగ. పిల్లలు పరీక్షలో 'గుర్తుంది', 'జ్ఞాపకం ఉంది' అనే రాయాలి. ఇంట్లో అంటే మాత్రం నవ్వకండి, రెండు భాషల మధ్య పెరిగే నోట అది సహజం. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పింది మీ ఊళ్ళోనే కదా.

పోటీ కాగితాల్లో తరచూ దొర్లే తప్పొకటి. మనస్సుకు సంస్కృత రూపమైన 'మనః'లోని విసర్గ గ, జ, ద, బ, భ, వ లాంటి అక్షరాల ముందే 'ఓ' అవుతుంది: మనోభావం, మనోధైర్యం, మనోవ్యథ. క, ప ముందు విసర్గ అలాగే ఉంటుంది: మనఃపూర్వకం, మనఃక్షోభ. 'మనోపూర్వకంగా', 'మనోస్థైర్యం' తప్పులు. రెండోదానికి మనఃస్థైర్యం అనాలి. త ముందు 'స్' వస్తుంది: మనస్తాపం. శ ముందు 'శ్': మనశ్శాంతి. వాడుకలో 'మనసు' అని ఒంటి సకారంతో రాస్తే ఎవరూ తప్పు పట్టరు.